పార్వతీశం బైతు కాడు

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ నవల ప్రస్తావన వస్తే చాలు, మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: అది సీమకు పోయిన పల్లెటూరి బైతు కథ. రెండు: రచయిత ఎడింబరోలో చదువుకున్నారు కాబట్టే అంత బాగా రాశారు. రెండూ తప్పే.

రెండోది ముందు చూద్దాం. మొక్కపాటి (1892–1973) ఎడింబరో వెళ్లింది వ్యవసాయ శాస్త్రం చదవడానికి. పార్వతీశం బయల్దేరింది బారిష్టరీకి. కాబట్టి ఇది సొంత కథకు పేరు మార్చడం కాదు. సీమకు వెళ్లొచ్చినంత మాత్రాన నవల పుట్టదు కూడా. టంగుటూరి ప్రకాశం 1907లోనే బారిష్టరై తిరిగొచ్చారు. ఆయన దారి కోర్టుకూ, రాజకీయాలకూ నడిచింది. 1924లో వచ్చిన ‘పార్వతీశం’ మొదటి భాగం తెరవండి. అందులో సింహభాగం ప్రయాణమే: మొగల్తూరు, చెన్నపట్నం, కొలంబో, ఓడ. విదేశం మొక్కపాటికి ఇచ్చింది వస్తువు కాదు. సొంత ఊరి మాటనూ, బెరుకునూ, బడాయినీ కొత్తగా వినే చెవి.

ఇక బైతు సంగతి. పార్వతీశం దర్జాగా టోపీ కొనుక్కుంటాడు. అది ఆడవాళ్లదని తర్వాతగానీ తెలియదు. నవ్వుతాం, సరే. ఆ ముచ్చట మనకు చెబుతున్నదెవరు? పార్వతీశమే. అన్నీ తెలిశాక, ఏమీ తెలియని రోజుల తనను దాచకుండా నలుగురిలో నిలబెడుతున్నాడు. అంత గుండె ఉన్నవాణ్ని బైతు అనడం చదవడం చేతకాకపోవడమే.

మొన్న మా పక్క ఫ్లాట్ కుర్రాడు ఎం.ఎస్.కి అమెరికా బయల్దేరాడు. సూట్‌కేసు 23 కిలోలు దాటింది. వాళ్లమ్మ చలికోటు తీసి పక్కన పెట్టింది గానీ కందిపొడి పొట్లం తియ్యలేదు. ఆ కుర్రాడి ముఖంలో సిగ్గూ, భయమూ, ఆశా ఒక్కసారే కనిపించాయి. నూరేళ్ల కిందటి ఓడ ప్రయాణికుడి ముఖమూ ఇదే.

ఈ ఊళ్లో విదేశాలు చూడని ఇల్లు వెతుక్కోవాలి. అయినా మనం రాసుకునేది అక్కడి రోడ్ల గురించి, జీతాల గురించి. రాయాలనుకునే పిల్లలకు నా మనవి ఒక్కటే. అక్కడ చూసింది తర్వాత రాయొచ్చు. ముందు ఆ కందిపొడి పొట్లం గురించి రాయండి, మీ అమ్మ మాట్లాడే తెలుగులో.