దెయ్యం కారణం చెప్పి రావాలా?

‘ఏముందండీ అందులో, చివరి అరగంట తప్ప!’

మలయాళ సినిమా ‘భూతకాలం’ మీద మా మెడికల్ షాపు కౌంటరు దగ్గర నేను ఎక్కువగా విన్న తీర్పు ఇది. 2022 జనవరిలో, కరోనా మూడో వేవ్ నడుస్తున్న రోజుల్లో, ఆ సినిమా నేరుగా సోనీ లివ్‌లో విడుదలైంది. జ్వరం మాత్రల కోసం వచ్చినవాళ్లు మాస్కు గడ్డం కిందికి లాక్కుని మరీ దాని గురించి మాట్లాడేవాళ్లు. నాకు సినిమా పిచ్చని మా కాకినాడ వీధిలో అందరికీ తెలుసు. అందుకని నచ్చనివాళ్లు అదేదో నేనే తీసినట్టు నన్ను నిలదీసేవాళ్లు. పాల ప్యాకెట్ల కుర్రాడైతే పది పది సెకన్లు ముందుకు తోసుకుంటూ చూశాడట. ‘దెయ్యం ఎన్నో నిమిషంలో వస్తుందో చెప్పెయ్యండి మేడం, అక్కణ్నుంచి చూస్తాను’ అన్నాడు. మా తోడికోడలిది ఇంకో వాదం: ‘అందులో అసలు దెయ్యమే లేదక్కా. ఆ కుర్రాడికి మతి చెడింది, అంతే.’ వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు మాత్రం గట్టి ప్రశ్నే వేశారు. ‘ఆ దెయ్యం ఎవరో, ఎందుకొచ్చిందో వివరంగా చెప్పకపోతే అది కథెలా అవుతుందమ్మా?’

మాస్టారు అలా అడగడంలో తప్పేం లేదు. మన తెలుగు దెయ్యాలు మనకు చేసిన అలవాటు అది. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘రాజుగారి గది’ (2015), దెయ్యాలే మనుషులకు భయపడే ‘ఆనందో బ్రహ్మ’ (2017)... ఇవన్నీ నేను హాల్లో కూర్చుని కడుపుబ్బ నవ్వుకుంటూ చూసినవే. వాటి మీద నాకేం చిన్నచూపు లేదు. కానీ ఈ తరహా సినిమాల్లో దెయ్యానికి సాధారణంగా ఒక కేసు ఉంటుంది. ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, ఎవడో అన్యాయం చేసి ఉంటాడు, వాడి పని పట్టగానే దెయ్యం చల్లబడుతుంది. అలాంటిది దెయ్యమెలా అవుతుంది? అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసు వరండాలో నిలబడ్డ మనిషది. పని అయిపోతే వెళ్లిపోతుందని తెలిసినప్పుడు ఇక భయం దేనికి?

రాహుల్ సదాశివన్ తీసిన ‘భూతకాలం’లో దెయ్యం మనల్ని ఏమీ అడగదు. చిన్న ఇల్లు. ఆశ అనే టీచరమ్మ, ఆమె కొడుకు విను. మంచం పట్టిన బామ్మ మొదట్లోనే పోతుంది. ఆశ డిప్రెషన్‌కు చికిత్స తీసుకుంటున్న మనిషి. విను డి.ఫార్మసీ చదివి, ఉద్యోగం లేక, సిగరెట్లూ మందూ మరిగినవాడు. (డి.ఫార్మసీ సర్టిఫికెట్టును షాపు గోడకు తగిలించుకుని బతుకుతున్నదాన్ని కాబట్టి, వాడు తెరమీదికి రాగానే నాకు సొంత మనిషిని చూసినట్టే అనిపించింది.) ఆ ఇంట్లో ఏవో చప్పుళ్లు అవుతుంటాయి. అవి వినుకు వినిపిస్తాయి, తల్లి నమ్మదు. ఇరుగుపొరుగు వాణ్ని వింతగా చూస్తారు. తాగుబోతు మాట ఎవరు నమ్ముతారు?

చాలాసేపు ‘ఏమీ జరగదు’ అని జనం విసుక్కున్నది ఈ భాగం గురించే. నా మటుకు నాకు భయమంతా అక్కడే ఉంది. కళ్లముందు జరిగింది చెబితే కన్నతల్లి కూడా ‘మాత్రలు వేసుకున్నావా?’ అన్నట్టు చూసే ఇంట్లో రాత్రి గడపడం కంటే భయం ఏముంటుంది? ‘దెయ్యం ఏదీ, చూపించు’ అని కౌంటరు దగ్గర నన్ను నిలదీసినవాళ్లు, తెలియకుండానే ఆ ఇంటి పక్కవాళ్ల పాత్ర పోషించారు. సినిమాలో వాళ్లూ వినును అడిగేది అదే.

నా కౌంటరు సంగతి ఒకటి చెప్పాలి. ఆల్ప్రజోలం లాంటి మందులు షెడ్యూల్ హెచ్1 కిందికి వస్తాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. రాసిన డాక్టరు పేరు, వాడే మనిషి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చామో విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు తీయగానే చాలామంది గొంతు తగ్గిస్తారు. బీపీ మాత్రలు పదిమంది ముందు అడిగి తీసుకునే మనిషే, ఇవి కొనేటప్పుడు మాత్రం పక్కనున్న జనం వెళ్లేదాకా సబ్బుల అరలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడతాడు. పేపర్లో చుట్టి ఇమ్మంటాడు. ‘మా ఇంట్లో ఎవరికీ అలాంటివేం లేవండి బాబూ, ఊరికే నిద్ర పట్టక’ అని నేను అడక్కుండానే చెబుతాడు. ఆశ ఇల్లు ఆ గొంతుతోనే నడుస్తుంటుంది. తల్లికీ కొడుక్కీ మధ్య గట్టిగా మాట్లాడుకోలేని విషయం ఒకటుంది. దెయ్యం ఆ సందులోంచే లోపలికి వచ్చింది.

అలాగని మా తోడికోడలి వాదం ఒప్పుకోను. ‘అంతా భ్రమే’ అనేస్తే మనకు సుఖంగా ఉంటుంది, లైటు తీసి పడుకోవచ్చు. సినిమా ఆ సుఖం ఇవ్వదు. చివర్లో తల్లికీ కనిపిస్తుంది. తల్లీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని ఆ చీకటి ఇంట్లోంచి బయటపడాల్సి వస్తుంది. కొడుకు మాటను తల్లి నమ్మడానికి దెయ్యమే సాక్ష్యం చెప్పాల్సి రావడం, ఇదీ కథ. దాన్ని డిప్రెషన్ పాఠంగా కుదించేస్తే సగం సినిమా పోతుంది.

రేవతి గురించి చెప్పకపోతే పాపం. ‘రాత్రి’ (1992) గుర్తుందా? రాంగోపాల్ వర్మ తీసింది. అందులో దెయ్యం పట్టిన కాలేజీ అమ్మాయి రేవతే. ఆమె సినిమాహాల్లో ఉండగా చుట్టూ ఉన్న జనం మాయమైపోయే సీను చూశాక, నేను చాలాకాలం హాల్లో చివరి వరుసలో కూర్చోలేదు. అదీ అప్పట్లో పెద్దగా ఆడలేదు. ‘పాటలేవీ, ఫైట్లేవీ’ అన్నారు జనం. సరిగ్గా ముప్పై ఏళ్ల తర్వాత అదే రేవతి, ఈసారి దెయ్యం ఉందంటే నమ్మని తల్లి. అరుపులుండవు. కొడుకు మాట్లాడుతుంటే ఎటో చూస్తూ వినే ఆ అలసిపోయిన ముఖం చాలు. ఆ పాత్రకే కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ‘రాత్రి’ తీసిన వర్మే ‘భూతకాలం’ చూసి, ‘ఎగ్జార్సిస్ట్’ తర్వాత ఇంత నిజమనిపించే హారర్ చూడలేదని ట్విటర్‌లో మెచ్చుకున్నారు. ఆయన మాటల్లో సగం పక్కన పెట్టే అలవాటున్నదాన్ని, ఇది మాత్రం ఉంచుకున్నాను.

సినిమాలో లోపం లేదనను. సైజు కురుప్ వేసిన కౌన్సెలర్ ఆ ఇంట్లో ఇంతకుముందు ఏం జరిగిందో ఆరా తీస్తూ తిరిగే భాగం నాకు అతుకులా అనిపించింది. మాస్టారి లాంటివాళ్లు గొడవ పెడతారని దర్శకుడు ముందే భయపడి రెండు ముక్కలు పెట్టాడేమో. ఆ రెండు ముక్కలూ మాస్టారికి చాలలేదు, నాకు ఎక్కువయ్యాయి. చివరి అరగంట కూడా అక్కడక్కడా మోతాదు దాటింది. అందరూ బాగుందన్న ఆ అరగంటే నాకు సినిమాలో తక్కువ భయం వేసిన చోటు.

మనవాళ్లు ఓపిగ్గా చూడరు అనే మాట కూడా నమ్మను. ‘భూతకాలం’ వచ్చిన ఏడాదే నవంబరులో విడుదలైన ‘మసూద’ను హాల్లోనే కదా ఆడించారు! సాయికిరణ్ అందులో మొదటి సగమంతా ఒంటరి తల్లి సంగీత, ఆమె కూతురు, పక్కింటి తిరువీర్ మధ్య తొందరపడకుండా నడిపాడు. తేడా ఏమిటంటే ఆ తల్లికి పక్కింటివాడు తోడు నిలబడ్డాడు, దెయ్యానికి ఫ్లాష్‌బ్యాకూ దొరికింది. ‘భూతకాలం’ ఆ రెండు ఊతకర్రలూ మనకు ఇవ్వలేదు.

ఇంకో సంగతి. ఈ సినిమాలో సగం పని చెవులకే. ఏ గదిలో ఏది కదిలిందో వింటేనే తెలుస్తుంది. ఫోన్ స్పీకరులో, బస్సులో చూసి ‘బాలేదు’ అన్నవాళ్ల తీర్పు నేను లెక్కలోకి తీసుకోను. మా తోడికోడలు హాల్లో టీవీ పెట్టి, వంటింట్లోంచి తొంగి తొంగి చూసిందట, పప్పు కుక్కరు పొయ్యి మీద ఉండగా. దెయ్యమే లేదని ఆవిడ ఇప్పటికీ వాదిస్తూనే ఉంది. నాలుగు విజిళ్ల మధ్య ఆవిడకు ఏ దెయ్యం వినిపిస్తుంది?