పాట నాది, తాళం ఎవరిది?

గల్ఫ్‌లోనో అమెరికాలోనో చాలాకాలంగా ఉంటున్న మనవాళ్ళ ఇంట్లో టేబుల్ సొరుగు తెరిచి చూడండి. పాత ఛార్జర్లు, పనికిరాని సిమ్ కార్డుల మధ్య ఒక మ్యూజిక్ ప్లేయర్ దొరుకుతుంది. దోహాలో మా ఇంట్లోనూ ఒకటుంది. దాన్ని లినక్స్‌తో మాట్లాడించడానికి ఒకప్పుడు నేను పడ్డ పాట్లు చెప్పబోతే, "ఫోన్లో అన్నీ వస్తుంటే ఇప్పుడెందుకండీ ఆ గోల?" అంటారు మిత్రులు. ఇప్పుడే ఎక్కువ కావాలని నా వాదన.

2006 వేసవిలో సెలవుకి రాజమండ్రి వెళ్ళాను. మా నాన్నగారు వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో వేషాలు కట్టేవారు. ఆయన పాడిన పద్యాల క్యాసెట్లు నాలుగు అటక మీద బూజు పట్టి కనిపించాయి. మా బాబాయిగారబ్బాయి వాటిని తన విండోస్ కంప్యూటర్లో ఎంపీత్రీలుగా మార్చి, ప్లేయర్‌తో పాటు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో అందులోకి ఎక్కించాడు. ఆ డిసెంబరులో నాన్నగారు పోయారు. కొన్నాళ్ళకి తమ్ముడి హార్డ్ డిస్క్ కూడా పోయింది. ఇల్లు సర్దినప్పుడు క్యాసెట్లు ఎటుపోయాయో తెలీదు. చివరికి నాన్నగారి గొంతు మిగిలింది నా ప్లేయర్లో ఒక్కచోటే.

సరే, కాపీ చేసుకుంటే పోలా అనుకుని ఉబుంటు ఉన్న నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. బ్యాటరీ ఛార్జ్ అయింది గానీ డ్రైవ్ మాత్రం కనిపించలేదు. ఒక స్నేహితుడి విండోస్ ల్యాప్‌టాప్‌లో ప్రయత్నిస్తే, "ప్లేయర్లో ఉన్నవన్నీ చెరిపేసి ఈ కంప్యూటర్లోవి ఎక్కించమంటారా?" అని అడిగింది దాని సాఫ్ట్‌వేర్. గుండె ఆగినంత పనైంది. వెంటనే తీగ పీకేశాను. ఎవరి పేరూ చెప్పను గానీ, నా డబ్బు పెట్టి కొన్న వస్తువులోంచి మా నాన్న గొంతు తీసుకోవడానికి ఇంకొకరి అనుమతి కావలసి వచ్చింది.

ఇందులో కిటుకేమిటో తర్వాత అర్థమైంది. ఆ రోజుల్లో ప్లేయర్లు కంప్యూటర్‌తో ప్రధానంగా రెండు రకాలుగా మాట్లాడేవి. మాస్ స్టోరేజ్ అయితే అది మామూలు పెన్ డ్రైవ్‌లాంటిదే. ఏ సిస్టమ్‌కి తగిలించినా ఫోల్డర్లు తెరుచుకుంటాయి. రెండోది ఎంటీపీ, మైక్రోసాఫ్ట్ తయారుచేసిన పద్ధతి. ఇందులో కంప్యూటర్ నేరుగా డిస్కు ముట్టుకోదు. "ఫలానా ఫైలు ఇవ్వు" అని ప్లేయర్ని అడగాలి. ఆ అడిగే భాష లినక్స్‌కి అప్పటికి సరిగా రాదు. కొన్ని ప్లేయర్ల సెట్టింగుల్లో ఎంఎస్‌సీ, ఎంటీపీ అని రెండిట్లో ఒకటి ఎంచుకునే వీలుండేది. నా దాంట్లో లేదు.

మా ఆఫీసులో టీ ఇచ్చే సిరిసిల్ల అతను నా అవస్థ చూస్తూ ఉండేవాడు. ఒకరోజు జేబులోంచి చిన్న ప్లేయర్ తీశాడు. ముషైరిబ్‌లో కహ్రబా వీధి అని ఉండేది. కహ్రబా అంటే అరబ్బీలో కరెంటు. పేరుకి తగ్గట్టే ఎలక్ట్రానిక్స్ కొట్లుండేవి. అక్కడ కొన్న చైనా సరుకు, నా దాని ధరలో ఐదో వంతు కూడా ఉండదు. "సార్, జర నా దాన్ని గూడ పెట్టి చూడరాదు? ఇండ్ల మా బిడ్డ మాటలున్నయి," అన్నాడు. సెలవుకి వెళ్ళినప్పుడు దాని మైకులోనే రికార్డు చేసుకున్నాడట. తగిలించగానే రెండు ఫోల్డర్లు తెరుచుకున్నాయి. రెండు నిమిషాల్లో వాళ్ళమ్మాయి మాటలు సీడీలోకి ఎక్కించి ఇచ్చాను. పేరున్న సరుకు కొన్న నేనేమో ఊరికే చూస్తూ కూర్చున్నాను.

నా సమస్య తీర్చింది లిబ్‌ఎంటీపీ అనే లైబ్రరీ. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తీరిక వేళల్లో రాసిన ప్రోగ్రాము. అందులో ఒక పట్టిక ఉంటుంది. తయారీదారు నంబరు, మోడల్ నంబరు, ఆ మోడల్‌కున్న తిక్కలు. నా ప్లేయర్ ఆ పట్టికలో లేదు. ఎంటీపీ డిటెక్ట్ అనే కమాండు ఇచ్చి, వచ్చినదంతా వాళ్ళకి పంపాను. నేను చేసిందింతే. తర్వాతి వెర్షన్లో నా మోడల్ కూడా చేరింది. 2007లో ఒక శుక్రవారం సెలవు రోజున నలభై మూడు ఫైళ్ళూ ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి.

ఐపాడ్ కథ ఇంకోలా నడిచింది. అది డిస్కులాగే కనిపించేది గానీ అందులో పాట పడేస్తే వినిపించేది కాదు. పాటల వివరాలన్నీ ఐట్యూన్స్‌డీబీ అనే ఫైల్లో రాయాలి. దాని గుట్టు విప్పి లినక్స్‌వాళ్ళు లిబ్‌జీపాడ్ రాసుకున్నారు. జీటీకేపాడ్, అమరోక్, రిథమ్‌బాక్స్ దాని మీదే ఆధారపడేవి. 2007 సెప్టెంబరులో వచ్చిన కొత్త ఐపాడ్లలో ఆ ఫైలుకి ఒక గుర్తుసంఖ్య జోడించారు. అది సరిగా లేకపోతే ప్లేయర్ ఖాళీగా కనిపించేది. కొద్ది రోజుల్లోనే దాన్నీ ఛేదించారు. తర్వాత వచ్చిన మార్పుల గురించి ఒక వికీలో చర్చిస్తుంటే 2008లో ఆపిల్ లాయర్లు నోటీసు పంపారు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సాయంతో ఆ వికీ నడిపేవాళ్ళు 2009లో కోర్టుకెళితే, ఆపిల్ వెనక్కి తగ్గింది.

కంపెనీలని మరీ తిట్టక్కర్లేదు. మామూలు మనిషికి లైబ్రరీలూ పట్టికలూ అక్కర్లేదు, బొత్తాం నొక్కితే పాట రావాలి. అది వాళ్ళు బాగానే చేశారు. లినక్స్‌వైపు ఇబ్బందులూ తక్కువేం కాదు. పేటెంట్ల భయంతో చాలా డిస్ట్రిబ్యూషన్లు ఎంపీత్రీ వినిపించే కోడెక్ కూడా ఇచ్చేవి కావు. విడిగా వేసుకోవలసి వచ్చేది. ఎంపీత్రీ లైసెన్సుల వ్యవహారం 2017 ఏప్రిల్లో గానీ ముగియలేదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. సౌకర్యం ఇవ్వండి, కాదనను. కానీ దాంతోపాటు బయటికి వెళ్ళే దారి కూడా ఉంచండి.

ఐపాడ్ల తయారీ ఆపేస్తున్నట్టు ఆపిల్ 2022 మే నెలలో ప్రకటించింది. కహ్రబా వీధిలోని పాత కొట్లు పడగొట్టి ఆ పేటంతా కొత్తగా కట్టారు. కానీ సమస్య అలాగే ఉంది, ఇంకా ముదిరింది. ఇప్పుడు మన పాటలు మన దగ్గర ఉండనే ఉండవు. నెలనెలా అద్దె కడుతున్నంతసేపే వింటాం. సినిమా పాట అయితే ఇంకోచోట వెతుక్కోవచ్చు. అమ్మ పంపిన వాయిస్ మెసేజీ, నాన్న పద్యం ఇంకెక్కడ దొరుకుతాయి? ఆనాడు ప్లేయర్ల కోసం రాసిన లిబ్‌ఎంటీపీయే ఈనాడు ఆండ్రాయిడ్ ఫోన్లని లినక్స్‌లో తెరుస్తోంది. ఆ పట్టికలో నంబర్లు చేర్చినవాళ్ళ శ్రమ ఇంకా మనకి పనికొస్తోంది.

మనం సాఫ్ట్‌వేర్ మీద బతికేవాళ్ళం. ఏదైనా కొనేముందు జ్ఞాపకశక్తి ఎన్ని జీబీలని అడుగుతాం. ఇందులో పెట్టింది మామూలు ఫైల్లా బయటికి వస్తుందా అని మాత్రం అడగం. ఇకనైనా అడుగుదాం. మన దగ్గరున్న మోడల్ ఏ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పట్టికలోనూ లేకపోతే ఆ నాలుగు వరుసలూ పంపుదాం. పది నిమిషాల పని.

ముందుగా మాత్రం ఈ శుక్రవారం ఆ సొరుగు తెరవండి. బ్యాటరీకీ ఆయుష్షు ఉంటుంది. అది పూర్తిగా పోకముందే అందులో ఎవరి గొంతు ఉందో చూసి, రెండు చోట్ల దాచండి.