దెబ్బకు ధర కాదు, లెక్క అడుగుతున్నం

పాత కరీంనగర్ జిల్లాలో చొప్పదండి నుంచి సిరిసిల్ల దాకా ఏ దళితవాడకు పోయినా ఒక్కటే ముచ్చట. మనోణ్ణి కొడితే ఊరి పెద్దమనుషులు పంచాయితి పెడతరు. కొట్టినోడు ఇంత తప్పు కడతడు. దానికి రాజీ అని పేరు. అదే మనోడు ఠాణకు పోయి అట్రాసిటీ కేసు పెడితే 'పైసల కోసం పెట్టిండు' అంటరు. పంచాయితి ఇప్పిస్తే మర్యాద, చట్టం ఇస్తే కక్కుర్తి! ఇదెక్కడి న్యాయం?

ఈ ఎత్తిపొడుపు పడలేక మనవాళ్ళే కొందరు 'మాకు పైసలొద్దు, వాడికి శిక్ష పడితే చాలు' అంటున్నరు. ఆ రోషాన్ని గౌరవిస్తం గాని ఆ మాట ఒప్పుకోం. చెయ్యి విరిగినోడు కూలికి పోలేడు. వాని ఇంట్ల పొయ్యి ఎవరు వెలిగించాలె?

పరాయి మనిషి చెలకలో జొరబడితే పట్టాదారు దావా వేస్తడు. మన దేహం చెలక కంటే తక్కువదా? మనిషి మీద అక్రమంగా చెయ్యి చేసుకోవడం, కొడతానని మీదికి రావడం, కదలకుండా నిర్బంధించడం – ఇవి నేరాలే కాదు, సివిల్ తప్పులు కూడా. గాయం చూపించకున్నా నష్టపరిహారం అడిగే హక్కు ఉంది.

1989 అట్రాసిటీ చట్టం కింద వచ్చేది ఎవరి దయా కాదు. 2016లో సవరించిన నియమాల ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా సాయం ఇవ్వాలె. కులం పేరుతో అందరి ముందు అవమానిస్తే లక్ష రూపాయలు: ఎఫ్ఐఆర్ కాగానే పావు వంతు, చార్జిషీటు కోర్టుకు పోతే సగం, శిక్ష పడినంక మిగతా పావు. అయితే ఈ సొమ్ము సర్కారు ఖజానాది. కొట్టినోని జేబులోంచి పైస కదలదు. అందుకే వాని మీద సివిల్ దావా కూడా వెయ్యాలంటున్నం.

శిక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమైతదో చుండూరు చెప్పింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన్రు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. క్రిమినల్ కేసులో అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలె. సివిల్ దావాలో ఎవరి సాక్ష్యం బరువైతే వాళ్ళదే గెలుపు.

మరి కొట్టింది పోలీసులే అయితే? 2017 జులైలో నేరెళ్ళ దగ్గర ఇసుక లారీ కింద మనిషి చనిపోయిండు, లారీలు తగలబడ్డయి. ఆ కేసులో పట్టుకపోయినవాళ్ళు, అందులో దళితులు, తమను చిత్రహింసలు పెట్టిన్రని చెప్పిన్రు. ఒక ఎస్సై సస్పెండ్ అయిండు. సస్పెన్షన్ దెబ్బలకు పరిహారం కాదు.

ఒరిస్సాలో పోలీసులు తీసుకపోయిన కొడుకు రైలు పట్టాల మీద శవమై దొరికితే, నీలాబతి బెహెరా అనే తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. 1993లో కోర్టు లక్షా 50 వేలు ఇప్పించింది. మన కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలు మీద 1977లో బాంబులు వేసి ఖైదీని చంపిన కేసులో, సర్కారు తన సార్వభౌమాధికారాన్ని అడ్డం పెట్టుకుంది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదం చెల్లదని, లక్షా 44 వేల పరిహారాన్ని ఖాయం చేసింది. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన హక్కు ముందు సర్కారు గొప్పతనం నిలువలేదు.

వాడవాడకు చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నయి. అక్రమ నిర్బంధానికి దావా గడువు, విడిచిన నాటి నుంచి ఒక్క ఏడాదే. పోలీసుల మీద, సర్కారు మీద వేస్తే సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలె. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇయ్యాలె. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేకుంటే పేద దావాగా వెయ్యొచ్చు. దెబ్బలు తగిలిన రోజే దవాఖాన కాగితం తీసుకోవాలె. పోయిన కూలి లెక్క రాసి పెట్టుకోవాలె.

దావాకు ఏండ్లు పడతయి, నిజమే. పంచాయితి ఒక్క పూటలో తెగుతది. కానీ ఆ పూటతోనే ఇంకో దెబ్బకు దారి పడుతది. చొప్పదండి 2009 నుంచి ఎస్సీ రిజర్వు స్థానం. ఓటు అడగ వచ్చే ప్రతి ఒక్కరినీ నిలదీద్దాం: మా దెబ్బల లెక్క తేల్చడానికి నువ్వేం చేసినవ్? రాజీ కాగితం మీద వేలిముద్ర వేసే ముందు, దావా కాగితం మీద సంతకం పెడదాం.