వీణకు పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులకు వెళితే పిల్లను "ఏదీ, ఒక పాట పాడమ్మా" అంటాం. ఆ పాటకూ, రేపు ఆమె మోయబోయే సంసారానికీ సంబంధం లేదని తెలిసీ అడుగుతాం. పాడటానికే పుట్టిన వీణను కొనబోయినప్పుడు మాత్రం పాడమనం! పాలిష్ చూస్తాం, యాళి ముఖం చూస్తాం, నగిషీ చూస్తాం. బేరమాడి ఆటో ఎక్కించేస్తాం. ఇదెక్కడి న్యాయమండీ?

మొన్నామధ్య హనుమకొండలో మా పక్కింటావిడ కూతురికి వీణ కొన్నది. తళతళలాడుతోంది. "పలుకు ఎలా ఉంది?" అన్నాను.

"నేర్చుకునే పిల్లకు గంత మంచిదెందుకు వదినా? వచ్చినంక మంచిది కొందాం తియ్యి" అన్నది.

ఈ మాట మీదే నా పోట్లాట. వచ్చినవాళ్ళ కంటే నేర్చుకునేవాళ్ళకే మంచి వీణ కావాలి. వీణకు 24 మెట్లు, మైనం మీద నిలబెడతారు. ఒకటి వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. విద్వాంసురాలైతే ఆ తప్పును ఇట్టే పట్టేస్తుంది. పదేళ్ళ పిల్లో? ఆ తప్పునే స్వరమనుకుని చెవిలో దాచుకుంటుంది. ఆర్నెల్లు తిరక్కుండా "మా దానికి సంగీతం అబ్బలేదండీ" అని మనమే తీర్పు చెప్పేస్తాం. వీణ అటకెక్కుతుంది. పాపం, శిక్ష పిల్లకి!

పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. తీగెను వట్టినే మీటండి, తర్వాత పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. కింది షడ్జమం, పై షడ్జమం తల్లీబిడ్డల్లా కలిసిపోవాలి. కలవకపోతే మెట్లు మళ్ళీ వేయించుకోవచ్చు. చెక్క మొద్దుదైతే మాత్రం చేసేదేం లేదు. అందుకే మీటి, ఊరుకుని, నాదం ఎంతసేపు నిలుస్తుందో వినండి. రామప్ప గుడికి పోతే, స్తంభం మీది బొమ్మ సరిగమలు పలుకుతుందని చెప్పగానే చెవి ఒగ్గి నిలబడతామే! 1213 నాటి రాతికి ఇచ్చిన మర్యాద పనస చెక్కకు ఇవ్వలేమా?

అన్నిటికంటే ముందు, మీకు ఏ నాదం కావాలో తేల్చుకోండి. ఈమని శంకరశాస్త్రిగారి (1922-1987) వీణ వినండి. ఆయన శిష్యులు చిట్టిబాబుగారి (1936-1996) వీణ వినండి. గురుశిష్యులే, అయినా ఎవరి పలుకు వారిదే. పిల్ల ఎక్కడ ఆట మాని చెవి ఒగ్గుతుందో గమనించండి. నిదానంగా రాగం సాగదీసుకునే మనసైతే నాదం నిలిచే వీణ కావాలి. వేగంగా వాయించే సరదా ఉంటే మీటు మీటూ తేటగా విడిపడాలి. తను పాడుతూ వాయించుకుంటానంటే శ్రుతి సంగతి ముందే చెప్పాలి. ఆడవాళ్ళ గొంతు ఐదు శ్రుతి దరిదాపుల్లో ఉంటుంది. పొడుగాటి వీణ తీగెను అంత పైకి బిగిస్తే తెగి ఊరుకుంటుంది. తీగె లావు, వీణ పొడవు ఆ గొంతును బట్టి ఉండాలి.

ఇవన్నీ అడిగితే చెప్పగలవాళ్ళు ఇంకా ఉన్నారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగను ఒకే ముక్కగా తొలిచి వీణ చేస్తారు. మనకు ఇంకాస్త దగ్గర నూజివీడు. అయితే గొల్లపల్లిలో ఇప్పుడు బల్లమీద పెట్టుకునే బొమ్మ వీణలు కూడా చేస్తున్నారు. సన్మానాలకూ బహుమతులకూ వాటికి మంచి గిరాకీ. తప్పు వాళ్ళదా? పలుకు అడిగేవాళ్ళు లేనప్పుడు పలకని వీణలే అమ్ముడుపోతాయి. మనం చూపు కోసం కొన్న ప్రతి వీణా, పలుకు తెలిసిన ఒక చేతికి పని తగ్గిస్తుంది.

కాబట్టి అమ్మల్లారా, ఈసారి వీణల కొట్టుకు వెళితే సిగ్గుపడకండి. దర్జాగా కూర్చుని "ఏదీ, పాడించండి" అనండి. ఒకటి కాదు, నాలుగింటిని పాడించండి.

పెళ్ళిచూపుల్లో పిల్లనంటారా? ఆమెను ఇకనైనా వదిలేయండి!