థెరపీ బోర్డు పెట్టినోళ్లను డిగ్రీ అడుగుదాం!

బీడీ కార్మికులారా, చెరుకు రైతులారా, తల్లులారా!

పక్షవాతం పడ్డ నాయినకు చెంచా పట్టుకునుడు మళ్లా నేర్పేదెవరు? ఒక్కచోట కూసోలేని పిల్లగానికి అంగీ గుండీలు పెట్టుకునుడు నేర్పేదెవరు? ఆక్యుపేషనల్ థెరపిస్టు! ఏండ్లకేండ్లు చదివి, ఇంటర్న్‌షిప్ సుత చేస్తే వచ్చే డిగ్రీ అది. నాల్రోజుల ట్రైనింగ్ కాగితం గోడకు తగిలిస్తే వచ్చే పని కాదు!

మరి మనకు జరుగుతున్నదేంది? రుద్రూర్ నుంచి, వర్ని నుంచి తల్లి బిడ్డను సంకనేసుకుని నిజామాబాద్ బస్సెక్కుతది. ఆ రోజు బీడీల కూలి పాయె. థెరపీ సెంటర్ల అడిగినంత కట్టి గంటసేపు బయట బెంచీ మీద కూసుంటది. లోపల బిడ్డ చెయ్యి పట్టుకున్నోళ్లు ఏం చదివిన్రు? అడిగితే "నీకెందుకమ్మా" అంటరు!

ఎందుకా? పడిపోయిన చెయ్యిని పని తెలిసినోళ్లు కింద ఆసరా ఇచ్చి మెల్లగ లేపుతరు. తెలవనోడు పట్టి గుంజుతడు. భుజం కీలు జారుతది. నొప్పికి రాత్రంతా మూలుగుడే! ఇంట్ల ఒకరు పని బంద్ పెట్టి కాపలా కూసోవాలె. ఇగ పిల్లలకు మెదడు ఎదిగే తొలి ఏండ్లు ఉత్తగ పోతే ఎవరు తెచ్చిస్తరు? 2015ల బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక జీతాలు పోయిన ఇండ్లు మనయి. దండుగ పెట్టే పైసలు మన దగ్గర ఉన్నయా?

చట్టం లేదా? ఉన్నది! ఈ థెరపిస్టుల కోసం, ఇంకెన్నో ఆరోగ్య వృత్తుల కోసం 2021ల పార్లమెంటు చేసింది. థెరపిస్టుకు కనీసం 3,600 గంటల చదువు ఉండాలె. రాష్ట్రానికో కౌన్సిల్ పెట్టాలె. రిజిస్టర్‌ల పేరు లేనోళ్లు ప్రాక్టీసు చెయ్యొద్దు. మూడేండ్లు గడిచినా చానా రాష్ట్రాలు కదలకపోతే, 2024 ఆగస్టుల సుప్రీంకోర్టు రెండు నెలల గడువు పెట్టింది! కష్టపడి చదివిన థెరపిస్టులకు సుత ఈ ఆలస్యం అన్యాయమే. వాళ్లు మనోళ్లే, మనతోటి నడవాలె.

పైసలు కట్టే ముందు అడగండి: డిగ్రీ ఏ కాలేజీది? రిజిస్ట్రేషన్ ఏది? చెప్పకపోతే బిడ్డనెత్తుకుని లేచి రండి! రిజిస్టరైన థెరపిస్టుల పేర్లు జిల్లా దవాఖాన గోడ మీద, దివ్యాంగ పిల్లలు పోయే ప్రతి భవిత కేంద్రం గోడ మీద తెలుగుల, ఉర్దూల రాసి పెట్టాలె. బోధన్ సర్కారు దవాఖానల చదివిన థెరపిస్టు కూసోవాలె. బస్సు కిరాయి పెట్టలేనోళ్లు యాడికి పోవాలె?

సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌కు రండి! ఈ కాగితం చదివి పక్కింటోళ్లకియ్యండి, వాళ్లను సుత తోలుకరండి!