ఆఖరి బస్సుకు ముందే తెర లేవాలి

తొలకరి పడగానే మా కృష్ణదేవిపేటలో రైతులు నారుమడుల సంగతి చూసుకుంటారు. కళాశాలలు తెరవగానే విశాఖపట్నంలో ప్రొఫెసర్లు సభల సంగతి చూసుకుంటారు. ఈ రెండూ ఒకే కాలంలో రావడం వల్ల మాబోటివాళ్ళకు చిక్కొచ్చి పడుతుంది. పూర్వం ఆహ్వాన పత్రిక పోస్టులో వచ్చేది. అది మా ఊరు చేరేసరికి సభ అయిపోయి వుండేది గనక, వెళ్ళాలా వద్దా అన్న మీమాంసే వుండేది కాదు. ఇప్పుడు మా మనవరాలి సెల్‌ఫోనులోకి వారం రోజుల ముందే వచ్చి కూర్చుంటోంది. తప్పించుకునే దారి లేదు.

“తాతా, సెప్టెంబరు దాకా ఏమేం రోజులున్నాయో వరసగా రాయి. ఒక్కదానికైనా వెళదాం” అని కాగితమూ కలమూ నా ముందు పెట్టింది. రాశాను. పాఠకులు కూడా చిత్తగించండి.

మొదటిది జూలై 4, అల్లూరి సీతారామరాజు జయంతి. 1897లో పుట్టిన మనిషి. ఆ రోజున ఉపన్యాసం, గేయం, ఏకపాత్రాభినయం లేని విద్యాలయం మా వైపు అరుదు. ఏకపాత్ర వేసే కుర్రవాడు చాలామట్టుకు 1974లో వచ్చిన కృష్ణగారి సినిమానే కళ్ళముందు పెట్టుకుని వేస్తాడు. తప్పు పట్టను. కాని సినిమా చూసినవాడికి కథ తెలుస్తుంది గాని లెక్క తెలియదు. ఉపన్యాసంలో అడగవలసింది ఆ లెక్క.

రెండవది ఆగస్టు 22, 23, 24. ఇవి పండుగలు కావు గనక క్యాలెండరులో ఎర్రసిరా పడదు. 1922లో ఆ మూడు రోజుల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద రాజుగారి దళం పడింది. చింతపల్లిలో 11 తుపాకులు, మా ఊళ్ళో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తం 26 తీసుకుపోయారు. చరిత్ర శాఖవారు ఎప్పుడైనా ఈ మూడు రోజుల మీద ప్రసంగం పెడితే తప్పకుండా వెళ్ళండి. అడవిలో పోడు కొట్టుకోవద్దన్న ఆంక్షలు, రోడ్డు పనికి మనుషుల్ని పట్టుకుపోవడం, కూలి సరిగా ఇవ్వకపోవడం, వీటన్నిటినీ కలిపి చెప్పగల ఉపన్యాసకుడు దొరికితే ఆ సాయంత్రం వృథా పోదు.

మూడవది ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన రోజు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరు అందరికీ తెలుసు. అంతకు ముందు పర్లాకిమిడిలో వుంటూ సవరల భాష తాను నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డాడన్న సంగతి తక్కువమంది చెబుతారు. కొండమీదివాడికి పాఠం చెప్పదలిస్తే ముందు కొండమీదివాడి దగ్గర పాఠం నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. మన్యం అంచున కూర్చున్న నాకు ఆ సంగతి మీద మోజు ఎక్కువ. ఆయన పేర జరిగే సభలో వక్త గ్రాంథికం మాట్లాడితే మాత్రం లేచి వచ్చేయడానికి శ్రోతకు పూర్తి హక్కు వుంది.

నాలుగవది సెప్టెంబరు 21, గురజాడ అప్పారావుగారి జయంతి. ఆయన 1862లో పుట్టిన రాయవరం ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలోదే. కన్యాశుల్కం మొదటిసారి విజయనగరంలో 1892లో ఆడారు. ఇప్పుడు మనం చదివే పెద్ద కన్యాశుల్కం 1909లో వచ్చింది. మొత్తం ఆడితే కోడి కూస్తుంది గనక, విద్యార్థులు ఒకటి రెండు రంగాలు ఎంచుకుంటారు. ఎక్కడైనా మధురవాణి రంగం వేస్తున్నారంటే చూడండి. పాఠ్యపుస్తకంలో నలిగిపోయిన మాటలకు నోట్లో పడగానే ప్రాణం వస్తుంది.

ఇదీ జాబితా. ఇక దీన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలి? మా పాలిట విద్యాలయం అంటే వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తే. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో సముద్రం ఒడ్డుకు వచ్చింది. మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆయన తరవాత 1931 నుంచి 1936 దాకా రాధాకృష్ణన్‌గారు. ఆ రోజుల్లోనే, 1933 డిసెంబరులో, రవీంద్రనాథ ఠాగూరు వాల్తేరు వచ్చి మనిషి అన్న విషయం మీద ఉపన్యసించాడు. 1937లో అది పుస్తకంగా కూడా వచ్చింది. నాటకాల సంగతి చెప్పాలంటే రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామిగారి పేరు తలుచుకోవాలి. కాగితాల మీద సంతకాలు పెట్టే ఉద్యోగంలో వుండి, ఎర్‌స్కిన్ స్క్వేర్‌లో ఆరుబయట రంగస్థలం మీద కుర్రాళ్ళచేత నాటకాలు ఆడించాడు, కళాశాలల మధ్య నాటక పోటీలు పెట్టించాడు. గ్రంథాలయం చూసుకున్న అబ్బూరి రామకృష్ణారావుగారూ నాటకాల మనిషే. లైబ్రేరియనూ రిజిస్ట్రారూ ఇద్దరూ నాటకాల పిచ్చివాళ్ళయిన విద్యాలయం ఎంత అదృష్టవంతురాలో ఆలోచించండి!

ఇంత ఘనత వుండగా తీరికగా వెళ్ళి రావచ్చు గదా అంటారు. ఇక్కడే నా బాధ మనవి చేసుకోవాలి.

నాలుగేళ్ళ కిందటి మాట. ఒక పట్నంలో ఒక విద్యాలయంలో విద్యార్థులు నాటకం వేస్తున్నారని తెలిసి మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఊరూ పేరూ చెప్పను. చెబితే ఒక్క ఊరికే అన్యాయం జరుగుతుంది, ఈ వరస అన్ని ఊళ్ళలోనూ వుంది. పత్రికలో సాయంత్రం అయిదున్నర అని అచ్చు వేశారు. మేము అయిదింటికే ముందు వరస వెనకాల కుర్చీలు చూసుకుని కూర్చున్నాం. అయిదున్నర అయింది. ఆరు అయింది. ముఖ్య అతిథి దారిలో వున్నారన్నారు. ఆరున్నరకు వచ్చారు. జ్యోతి వెలిగించారు. అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. శాలువాలు కప్పారు. ఒకాయన తాను రెండు మాటలు మాత్రమే మాట్లాడతానని అరగంట మాట్లాడాడు. తరవాతి ఆయన, మొదటి ఆయన చెప్పవలసిందంతా చెప్పేశారు గనక తాను చెప్పడానికి ఏమీ లేదని ముప్పావుగంట చెప్పాడు. తెర లేచేసరికి ఎనిమిది దాటింది.

తెర లేచింది గదా, ఎంత బాగా ఆడారనుకున్నారు! నీళ్ళకోసం ఊరు వదిలిపోయే కుటుంబం కథ. ఆ ఇంటి పిల్ల చదువు మానిపించి పనికి పంపుదామని తండ్రి. పంపనని తల్లి. పిల్ల బడి సంచి గుండెకు హత్తుకుని గుమ్మంలో నిలబడింది. సరిగ్గా అక్కడ నేను గడియారం చూసుకున్నాను. మా వైపు ఆఖరి బస్సు తొమ్మిదింటికి. మనవరాలి చెయ్యి పట్టుకుని లేచాను. అది వెనక్కి వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది. ఇంతా చేసి ఆ బస్సు దొరకలేదు. రాత్రంతా బస్‌స్టాండు బెంచీ మీద కూర్చున్నాం. దోమలు మమ్మల్ని విడిచిపెట్టలేదు, అది నన్ను విడిచిపెట్టలేదు.

“తాతా, ఇంతకీ ఆ పిల్లని బడికి పంపించారా, లేదా?”

నాకేం తెలుసు? పంపించి వుంటారమ్మడూ అన్నాను. “నీకు తెలియదు. వూరికే అంటున్నావు” అంది. నిజమే. అది అప్పుడు ఎనిమిదో తరగతి. ఇప్పుడు ఇంటరు ముగించింది. ఇప్పటికీ నెలకొకసారైనా అడుగుతుంది. చూసినవాళ్ళెవరూ మా ఊళ్ళో లేరు. అచ్చయిన నాటకమూ కాదు. ఇద్దరమూ అక్కడే, ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయాం.

ఆలస్యం అన్నది పట్నంవాసికి చిరాకు మాత్రమే. తొమ్మిదిన్నరకు నాటకం అయినా ఆటో ఎక్కి పదింటికి ఇంట్లో అన్నం తింటాడు. నర్సీపట్నం, పాడేరు, చింతపల్లి నుంచి వచ్చినవాడికి ఆ గంటన్నరే సర్వస్వం. ముఖ్య అతిథి తినేసిన కాలం వక్తల లెక్కలోంచి పోదు, నటుల లెక్కలోంచి పోదు. దూరాన్నించి వచ్చినవాడి లెక్కలోంచి పోతుంది. ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే అని పత్రిక చివర వేస్తారు. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక తెర లేపి అందరూ ఆహ్వానితులే అనడం, తలుపు మూసి లోపలికి రండి అనడం లాంటిది.

అందుకని రెండు మనవులు. ఒకటి, తిథి నక్షత్రాలు చూసినట్టు ఆఖరి బస్సు వేళ కూడా చూసి సభ పెట్టండి. ముందు నాటకం వేయండి, తరవాత శాలువాలు కప్పండి. శాలువా కోసం వచ్చినవాడు ఎంతసేపైనా వుంటాడు.

రెండవది కొంచెం పెద్దది. 1924 మే 7న సీతారామరాజును కొయ్యూరులో కాల్చి చంపారు. శవాన్ని మా ఊరికి తెచ్చారు. దహనం ఇక్కడే జరిగింది, సమాధి ఇక్కడే వుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆయన పేరుతో పాడేరు ముఖ్యపట్టణంగా ఒక జిల్లా ఏర్పడింది. సమాధి మాత్రం అనకాపల్లి జిల్లాలో మిగిలింది. దానికి నేను దుఃఖించను, చితి కట్టిన నేల మ్యాపు చూసి కదలదు గదా. నా దుఃఖమల్లా, ఆయన గురించిన ఉపన్యాసాలు వందకు పైగా కిలోమీటర్ల అవతల జరుగుతున్నాయని. అక్కడ ఫ్యాను కింద మన్యం పితూరీ అని చెబుతూంటే, ఇక్కడ సమాధి పక్కన పిల్లలు ఆడుకుంటూ, ఆ 7 తుపాకులూ మన ఊరివే అన్న సంగతి తెలియకుండా పెరుగుతున్నారు.

విద్యాలయాలు పల్లెకు రావడం కొత్త కాదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం కింద విద్యార్థులు ఏడేసి రోజులు పల్లెల్లో శిబిరాలు వేస్తూనే వున్నారు. మురుగు కాలవలు బాగుచేస్తారు, మొక్కలు నాటుతారు. సంతోషం. పగలు పార పట్టిన చేతులు సాయంత్రం ఒక నాటకం వేయకూడదా? చరిత్ర చెప్పే ఉపన్యాసకుడు ఒక్క ఆగస్టు 23న సమాధి దగ్గర చాప మీద కూర్చుని చెప్పకూడదా? మాకు తెలిసిన ముక్కలు మేమూ చెబుతాం. మా తాతలు చెప్పగా విన్నవాళ్ళం ఇంకా కొందరం మిగిలి వున్నాం, అట్టే కాలం వుండం. గిడుగువారి పద్ధతిలో రెండు వైపులా పాఠం జరుగుతుంది.

రాసిందంతా మనవరాలికి చదివి వినిపించాను. జాబితా బాగుందంది. రెండో మనవి దగ్గర కాస్త ఆలోచించింది.

“నాటకం ఇక్కడే వేస్తే ఆఖరి బస్సు పోయేది వాళ్ళకి తాతా, మనకి కాదు.”

నిజమే! అయినా వాళ్ళేమీ బెంగ పెట్టుకోనక్కరలేదు. బస్సు తప్పితే మా ఊళ్ళో అరుగులున్నాయి. అన్నాలు వండి పెడతాం. ఎవరినీ బెంచీ మీద కూర్చోబెట్టం. బదులుగా ఒక్కటే అడుగుతాం. ఆ బడి సంచి పిల్ల నాటకం ఆడిన కుర్రాళ్ళు ఎక్కడైనా వుంటే, వాళ్ళ కంట ఈ పేజీ పడితే, ఆఖరి రంగం ఒక్కటి మాకు బాకీ వున్నారు. వచ్చి తీర్చిపోవాలి.