జేబులో పిస్టల్‌తో ఉగాదికా?

ఉగాదికి మన బళ్లారి హాలుకొచ్చే కొందరు పెద్దల ప్యాంటు జేబుల్లో లైసెన్సు పిస్టళ్లుంటున్నాయి. అడిగితే "లైసెన్సుంది కదన్నా, కనపడకుండానే తెస్తున్నా" అంటారు.

సరే, ఆ దాచే తీరే చూద్దాం. బండి తాళాలు, చిల్లర, ఫోను ఉన్న జేబులోనే పిస్టల్! తాళంచెవి ట్రిగ్గర్ సందులో దూరితే? పిల్లోడు ఒళ్లోకి దూకితే? జేబులోనే పెట్టుకుంటానంటే ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర, అదే హోల్‌స్టర్, ఉండాలి. ఆ జేబులో ఇంకే వస్తువూ ఉండకూడదు. పంచె కట్టి రొండిన దోపుకునేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2016 ఆయుధ నియమాలు కూడా నలుగురు తిరిగే చోట పిస్టల్ ఒరలోనో తగిన సంచిలోనో, పూర్తిగా కప్పి ఉండాలంటాయి.

అయినా, ఒరలో ఉన్నా మన హాలుకు వద్దంటాను. లైసెన్సు షరతులు ఒకసారి చదవండన్నా. జిల్లా మేజిస్ట్రేట్ ప్రత్యేక అనుమతి లేకుండా జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, జనం గుమిగూడే చోటికి, బడి ఆవరణకు తీసుకెళ్లకూడదు. మన ఉగాది జనం గుమిగూడేది కాదా? ప్రాణభయం అంటారు. మన హాల్లో ఎవరివల్లన్నా?

వచ్చే సమావేశంలో కమిటీ తీర్మానం చేయాలి: పిస్టల్ ఇంట్లో తాళమేసి రావాలి. పెద్ద చందాలిచ్చేవాళ్లయినా సరే.